నేల కింది లోకాల సంగీతం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం వీడియో గేముల్లోని గుహలు, గనులు, నేలమాళిగల గురించి, అక్కడ వినిపించే సంగీతం గురించి ఉన్నాయి. ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగిన ప్రశ్నలు కావడం వల్ల, ఈ సంచికలోని చోటంతా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మారియో ఆటలో మొదటి లెవల్ సంగీతం ఎంతో హుషారుగా ఉంటుంది. గొట్టంలోంచి నేల కిందికి దిగగానే అది ఒక్కసారిగా మారిపోతుంది. ఆ కొత్త బాణీలో భయపెట్టే స్వరాలేవీ ఉన్నట్టు నాకు తోచదు. అయినా ఆచితూచి అడుగు వేయాలనిపిస్తుంది. ఎందుకంటారు?

జవాబు: కారణం ఆ బాణీలోని స్వరాల కన్నా వాటి మధ్య ఉన్న ఖాళీలలోనే ఎక్కువగా ఉంది. 1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’కు సంగీతం కూర్చిన కోజి కోండో, నేల మీది బాణీకి తాళం వేసే శబ్దాన్ని, దాని మీద ఊగుతూ సాగే వరుసను, అడుగున నడిచే మంద్రస్వరాలను అన్నింటినీ వాడుకున్నారు. నేల కిందికి వచ్చేసరికి తాళం పూర్తిగా ఆగిపోతుంది. మిగిలేది ఒకే ఒక వరుస. ఒక స్వరం, వెంటనే అదే స్వరం పై స్థాయిలో, ఇలాంటి జంటలు మూడు, ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ అవే మూడు జంటలు, మళ్ళీ నిశ్శబ్దం. కొంతసేపటికి అదే ఆకృతి మరో స్వరం మీద మొదలవుతుంది, చివరకు దగ్గరదగ్గరి స్వరాల మీదుగా కిందికి జారే ఒక చిన్న పరుగుతో మొదటికి చేరుకుంటుంది. తోడుగా స్వరమేళనం ఏదీ లేకపోవడం వల్ల ఇది సంతోషమో విచారమో చెవి తేల్చుకోలేదు. తేల్చుకోలేని చోట మనిషి సహజంగానే నెమ్మదిస్తాడు.

దీనికి తోడు ఆ యంత్రం స్వభావం ఒకటి ఉంది. ఆ ఆట నడిచిన నింటెండో యంత్రం పేరు ఫామికామ్, దాని చిప్‌లో ధ్వనికి కేటాయించినవి అయిదే ఛానళ్ళు. రెండు చతురస్ర తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద, ముందే రికార్డు చేసిన శబ్దాల కోసం మరొకటి. సంగీతమూ ఆటలోని చప్పుళ్ళూ వీటినే పంచుకోవాలి. నేల మీద దాదాపు అన్ని ఛానళ్ళూ నిండి ఉండటం వల్ల మారియో ఎగిరిన చప్పుడు ఆ సందడిలో కలిసిపోతుంది. నేల కింద అంత సందడి లేదు కనుక, ఎగిరిన చప్పుడు, ఇటుక పగిలిన చప్పుడు, నాణెం మోగిన చప్పుడు ఒక్కొక్కటీ విడిగా, దగ్గరగా వినిపిస్తాయి. ఆటగాడు తన చప్పుడు తానే వినడం మొదలుపెడతాడు. చూపు పరిమితమైన లోకంలో చెవి ముందు నడవాలి కాబట్టి, నేల కింది సంగీతానికి మొదటి పని ఆ చెవికి చోటు విడిచిపెట్టడమని నేను గట్టిగా నమ్ముతాను. కింది జవాబులన్నీ దాదాపుగా ఈ నమ్మకం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: పాత ‘మెట్రాయిడ్’ ఆటలోని కొన్ని చోట్ల వినిపించేది అసలు సంగీతమే కాదని, యంత్రం కీచుమంటున్నట్టు ఉందని నా మిత్రుడు వాదిస్తాడు. నాకేమో అదంటే ప్రాణం. ఎవరిది ఒప్పు?

జవాబు: మీ మిత్రుడు విన్నది సరిగ్గానే విన్నారు, దానిని లోపంగా లెక్కించడం దగ్గరే నేను ఆయనతో విభేదిస్తాను. 1986 నాటి ఆ ఆటకు ధ్వనులు, సంగీతం సమకూర్చిన హిరోకాజు తనాకా, రెండింటి మధ్య గీత చెరిపివేయాలన్న ఉద్దేశంతోనే ఆ పని చేశానని తర్వాతి కాలంలో వివరించారు. ఆనాటి ఆటల్లో హుషారైన బాణీ ఉండి తీరాలన్న ధోరణి ప్రబలంగా ఉండేది. ఆయన ఆ ధోరణిని పక్కన పెట్టి, జీబెస్ గ్రహపు లోతుల్లో తిరిగే ఆటగాడికి ఒక ప్రాణిని ఎదుర్కొంటున్న అనుభూతి కలగాలని కోరుకున్నారు. మొదట ఎదురయ్యే బ్రిన్‌స్టార్ ప్రాంతంలో ధైర్యం చెప్పే నడక ఒకటి వినిపిస్తుంది. చివరి స్థావరమైన టూరియన్‌కు చేరేసరికి పాడుకోదగిన వరుస ఏదీ మిగలదు. చిన్న చిన్న ధ్వనులు ఆగకుండా కదులుతూ ఉంటాయి, అవి గోడల్లోంచి వస్తున్నాయా వాద్యంలోంచి వస్తున్నాయా అన్నది చెప్పలేము. చివరి శత్రువైన మదర్ బ్రెయిన్‌ను ఓడించిన తర్వాత వచ్చే ముగింపు కోసమే ఆయన మనసు తేలికపరిచే రాగాన్ని దాచి ఉంచారు. అన్ని గంటల సేపు వరుసను దాచిపెట్టడం వల్లనే ఆ చివరి బాణీకి అంత బలం వచ్చింది. మీ మిత్రుడు టూరియన్‌ను మాత్రమే విడిగా విని తీర్పు చెప్పి ఉంటే, ఒకసారి ఆట మొత్తం ఆడి ముగింపు దాకా వెళ్ళమని చెప్పండి.

ప్రశ్న: భూగర్భంలో సాగే మొట్టమొదటి ఆటల్లో సంగీతం ఉండేదా?

జవాబు: తొలి కంప్యూటర్ గుహలలో చెప్పుకోదగినది ‘కొలాసల్ కేవ్ అడ్వెంచర్’. స్వయంగా గుహల అన్వేషకుడైన విల్ క్రౌథర్, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న మామత్ కేవ్ గుహల సముదాయాన్ని ఆధారంగా తీసుకుని 1976 ప్రాంతంలో దానిని రాశారు. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ దానిని విస్తరించారు. అందులో బొమ్మలు లేవు, శబ్దం లేదు, ఉన్నవి అక్షరాలు మాత్రమే. అయినా ఒకానొక గదిలో డొల్ల గొంతు ఒకటి ఒక మాట పలికిందని తెర మీద రాసి కనిపిస్తుంది, చదివినవారికి ఆ మాట మారుమోగుతూ వినిపించినట్టే ఉంటుంది. గుహను చెవితో ఊహించుకునే అలవాటు ఆటలకు శబ్దం రాకముందే మొదలైందన్నమాట.

ప్రశ్న: సూపర్ నింటెండో నాటి ఆటల్లో గుహలోకి దిగగానే ప్రతి చప్పుడూ నిజంగానే రాతి గోడలకు తగిలి వచ్చినట్టు వినిపిస్తుంది. ఈనాటి ఫోనుతో పోలిస్తే ఏ మూలకూ రాని ఆ యంత్రం అంత పని ఎలా చేసింది?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ఆ ప్రతిధ్వని వెనుక ఉన్న బేరసారాలు తెలిసిన తర్వాత ఆ సంగీతం మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. ఆ యంత్రంలో ధ్వని కోసం సోనీ సంస్థ తయారుచేసిన ప్రత్యేక విభాగం ఒకటి ఉండేది. దానికి ఎనిమిది గొంతులు (అంటే ఒకేసారి ఎనిమిది శబ్దాలు పలికే వీలు), 64 కిలోబైట్ల సొంత మెమొరీ ఉండేవి. వాద్యాల శబ్దపు ముక్కలు, బాణీల సమాచారం, చప్పుళ్ళు, వాటిని నడిపే ప్రోగ్రాం అన్నీ ఆ 64 కిలోబైట్లలోనే సర్దుకోవాలి. ప్రతిధ్వనిని పుట్టించే ఏర్పాటు చిప్‌లోనే ఉంది. కాని వినిపించిన శబ్దాన్ని కాసేపు దాచి మళ్ళీ వినిపించాలంటే, దాచడానికి చోటు కావాలి కదా. ఆ చోటు కూడా అదే మెమొరీలోంచి పోతుంది. 16 మిల్లీసెకన్ల ఆలస్యానికి రెండు కిలోబైట్ల చొప్పున ఖర్చవుతుంది, గరిష్ఠంగా 240 మిల్లీసెకన్ల దాకా వెళ్ళవచ్చు. అంతవరకూ వెళితే 30 కిలోబైట్లు, అంటే ఉన్న మెమొరీలో సగానికి దగ్గరగా, ఖాళీ గాలిని వినిపించడానికే ఖర్చయిపోతుంది.

ఈ లెక్కను గుహ కొలతలోకి మార్చి చూడండి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, 240 మిల్లీసెకన్లలో రానూపోనూ కలిపి 80 మీటర్ల పైచిలుకు తిరుగుతుంది. అంటే ఎదుటి గోడ 40 మీటర్ల దూరంలో ఉన్నట్టు వినిపిస్తుంది. ఆ యంత్రం ఒక్క విడతలో వినిపించగల అతి పెద్ద గది అదే. తిరిగి వచ్చిన శబ్దాన్నే మరికొంత తగ్గించి మళ్ళీ తిప్పడం వల్ల, చివరకు సన్నగా సాగి ఆగిపోయే మారుమోత పుడుతుంది. రాయి పీల్చుకున్నట్టుగా కీచు ధ్వనులను తగ్గించే వడపోత కూడా చిప్‌లోనే ఉంది. సంగీతకారులు ప్రతి ఆటలోనూ ఎంచుకోవలసింది ఇది: మంచి వాద్యాలు కావాలా, పెద్ద గుహ కావాలా? 1994లో వచ్చిన ‘సూపర్ మెట్రాయిడ్’కు సంగీతం కూర్చిన కెంజి యమమోతో, మినాకో హమానో తక్కువ వాద్యాలతో ఎక్కువ గాలిని వినిపించే దారి పట్టారని వారి బాణీలు వింటే అర్థమవుతుంది. అదే ఏడాది వచ్చిన ‘డాంకీ కాంగ్ కంట్రీ’లో డేవిడ్ వైజ్ గుహలకూ నీటి అడుగు లోకానికీ కూర్చిన బాణీలలో స్వరం మొదలవడం కన్నా అది కరిగిపోయే తీరు మీద ఎక్కువ శ్రద్ధ కనిపిస్తుంది. వీటిని మంచి ఇయర్‌ఫోన్లతో వినండి. ఒక్కో స్వరం తర్వాత మిగిలే తోకను మాత్రమే గమనిస్తూ వింటే, ఆ గది ఎంత పెద్దదో కళ్ళు మూసుకుని చెప్పవచ్చు.

ఈనాడు ఈ బాధ లేదు. నిజమైన గుహలోకి వెళ్ళి ఒక పెద్ద చప్పుడు చేసి, అది అణగిపోయే తీరును రికార్డు చేసుకుని, ఏ శబ్దాన్నైనా ఆ గుహలో మోగినట్టు మార్చే పద్ధతి అందుబాటులోకి వచ్చింది. సౌకర్యం పెరిగిన మేరకు శ్రద్ధ కూడా పెరిగిందని మాత్రం అన్ని ఆటల విషయంలోనూ చెప్పలేను. ప్రతి సొరంగానికీ ఒకే మారుమోతను పూసి వదిలేసిన ఆటలు ఖరీదైన వాటిలో కూడా కనిపిస్తున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి ‘మైన్‌క్రాఫ్ట్’ ఆడుతూ తవ్వుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి ఎక్కడో ఏదో మూలిగినట్టు వినిపిస్తుంది. వెతికితే అక్కడ ఎవరూ ఉండరు. ఇది ఆటలోని పొరపాటా? సంగీతం ఆపేసి ఆడుకోమని చెప్పవచ్చా?

జవాబు: పొరపాటు కాదండీ, ఉద్దేశపూర్వకంగా పెట్టినదే. ఆ శబ్దానికి మూలంగా ఏ జీవీ ఉండదు. ఆటగాడి చుట్టూ ఉన్న చోటును ఆట నిరంతరం పరిశీలిస్తూ, ఆకాశపు వెలుగు సోకని చీకటి తగిలినప్పుడల్లా ‘మూడ్’ అనే ఒక లెక్కను కొంచెం కొంచెంగా పెంచుతుంది, వెలుగు తగిలితే తగ్గిస్తుంది. ఆ లెక్క నూరు శాతానికి చేరినప్పుడు గుహ ధ్వనులలో ఏదో ఒకటి మోగుతుంది, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. దీపాలు పెట్టుకుంటూ వెళ్ళే పిల్లవాడికి ఆ శబ్దాలు తక్కువగా వినిపిస్తాయని దీనిని బట్టి తెలుస్తుంది. ఇక డేనియల్ రోజెన్‌ఫెల్డ్, అంటే సీ418, కూర్చిన తొలినాటి సంగీతం చాలా అరుదుగా, ఎడంగా వచ్చి పోతుంది కనుక దానిని ఆపినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు. నా సలహా అడిగితే, సంగీతం ఆపినా చప్పుళ్ళు మాత్రం ఆపవద్దనండి. 2022లో చేరిన ‘డీప్ డార్క్’ అనే లోతైన ప్రాంతంలో వార్డెన్ అనే గుడ్డి జీవి ఉంది. అది ఆటగాడి అడుగుల ప్రకంపనలను పట్టి వెతుక్కుంటూ వస్తుంది. అక్కడ వంగి నడవాలి, చప్పుడును అణచడానికి ఉన్ని దిమ్మలు పరచుకోవాలి. వినడమే అక్కడ ఆట.

ప్రశ్న: భూగర్భ సంగీతం అనగానే అందరూ భయం గురించే మాట్లాడుతున్నారు. నేను మాత్రం ‘హాలో నైట్’లోని ఒక నగరంలో ఏ పనీ లేకపోయినా గంటల తరబడి నిలబడి ఉంటాను. నాకు అక్కడ కలిగేది శాంతి. నాలాంటివారు వేరే ఎవరైనా ఉన్నారా?

జవాబు: చాలామంది ఉన్నారు, వారిలో నేనూ ఒకడిని. మీరు చెబుతున్నది కన్నీటి నగరం, ‘సిటీ ఆఫ్ టియర్స్’ అయి ఉంటుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2017లో విడుదల చేసిన ఆ ఆట దాదాపు మొత్తం హాలోనెస్ట్ అనే పురుగుల రాజ్యపు శిథిలాలలో, నేల కింద సాగుతుంది. నేల కింద వాన ఎలా కురుస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఆ నగరం పైన ఉన్న నీలి సరస్సులో దొరుకుతుంది. ఆ సరస్సు నీరే కప్పులోంచి కారుతూ నగరం మీద ఎడతెగని వానగా పడుతూ ఉంటుంది. క్రిస్టఫర్ లార్కిన్ ఆ వాన చప్పుడుకు పక్కన నిలబడగల మెత్తని వాద్యాలను, మాటలు లేని స్త్రీ కంఠాన్ని ఎంచుకున్నారు. భవనం లోపలికి వెళితే వాన చప్పుడు అద్దాల అవతలికి జరుగుతుంది. బయటికి రాగానే మళ్ళీ నిండుగా వినిపిస్తుంది. గదిని బట్టి వాద్యాల పొరలను కలుపుతూ తీసివేస్తూ పోయే పద్ధతి ఆ ఆటలో పొడవునా కనిపిస్తుంది. అదే ఆటలోని డీప్‌నెస్ట్‌లో ఆయన వరుసను దాదాపుగా తీసేసి, పాకే కాళ్ళ చప్పుడును ముందుకు తెచ్చారు. శాంతిని, భయాన్ని ఒకే చేయి ఒకే సూత్రంతో పలికించగలదని చెప్పడానికి ఈ రెండు ప్రాంతాలూ చాలు. మొదటి చోట మీ చెవికి నమ్మదగిన వాన దొరికింది, రెండో చోట నమ్మదగినది ఏదీ దొరకలేదు.

టోబీ ఫాక్స్ 2015లో తెచ్చిన ‘అండర్‌టేల్’ ఇంకొక దారి. కొండ కింద బందీలైన జీవుల లోకం అది, అయినా దానిలోని బాణీలు ఇంటి వెచ్చదనంతో నిండి ఉంటాయి. ఆట తెరుచుకున్నప్పుడు వినిపించిన వరుసే ఎన్నో రూపాలు మార్చుకుని చివర్లో తిరిగి వస్తుంది. వాటర్‌ఫాల్ అనే ప్రాంతంలో, తాము చివరిగా విన్న మాటలను తిరిగి పలికే నీలిపువ్వులు ఉంటాయి. ఎవరో ఎప్పుడో చెప్పుకున్న కోరికలు వాటిలో మిగిలి ఉంటాయి. ప్రతిధ్వనిని ఒక పాత్రగా మార్చిన ఆ ఊహ నాకు ఎంతో ఇష్టం.

శాంతి కోరే మీకు ‘డార్క్ సోల్స్’ పేరు చెప్పడానికి కొంత సంకోచిస్తున్నాను, అది కఠినమైన ఆట. అయినా చెప్పకుండా ఉండలేను. 2011 నాటి ఆ ఆటలో మోటోయి సకురాబా సంగీతం ఎక్కువగా పెద్ద పోరాటాల కోసమే ఉంటుంది, చాలా ప్రాంతాలలో నేపథ్య సంగీతం ఉండదు. బ్లైట్‌టౌన్ అనే ప్రాంతపు బురద అడుగు నుంచి ఒక మహావృక్షపు బోలు మానులోకి వెళ్ళి, కొమ్మ తర్వాత కొమ్మగా కిందికి, ఇంకా కిందికి దిగితే, యాష్ లేక్ అనే విశాలమైన తీరం ఎదురవుతుంది. అంతవరకూ ఎక్కువగా తన అడుగులు, కవచపు గలగలే విన్న ఆటగాడికి అక్కడ బృందగానం వినిపిస్తుంది. ఆటల్లోని భూగర్భ సంగీతంలో అంతకన్నా గొప్ప క్షణం నేను వినలేదు.

ప్రశ్న: నేను ఒంటరిగా ఒక చిన్న ఆట తయారుచేస్తున్నాను. అందులో మూడు గుహలు ఉన్నాయి. వాటికి ఒక భయంకరమైన బాణీ పెట్టాను. ఆడి చూసినవారు భయపడటం లేదు సరికదా, విసుగ్గా ఉందని సంగీతం ఆపేస్తున్నారు. డబ్బు ఖర్చు పెట్టే స్థితిలో లేను. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: ముందుగా ఆ బాణీని తీసేసి, చప్పుళ్ళతో మాత్రమే మీ ఆటను ఒకసారి ఆడండి. అడుగు చప్పుడు రాతి మీద ఒకలా, బురదలో ఒకలా, నీటిలో మరొకలా ఉందా? లేకపోతే సంగీతం కన్నా ముందు ఆ పని చేయండి. నీటిబొట్లు, గాలి, రాయి జారిన చప్పుడు మీ ఫోనుతోనే రికార్డు చేసుకుని, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ధ్వని సవరణ ప్రోగ్రాంలో శుభ్రం చేసుకోవచ్చు. మారుమోతను మాత్రం అన్ని చోట్లా ఒకే మోతాదులో వేయకండి. నిజమైన గుహల్లో ఎగుడుదిగుడు గోడలు శబ్దాన్ని చెదరగొడతాయి, బురద దానిని పీల్చేస్తుంది, ఇరుకు దారుల్లో గొంతు మన పక్కనే ఆగిపోయినట్టు ఉంటుంది. ఇరుకు దారిలో శబ్దాన్ని పొడిగా ఉంచి, అది పెద్ద గదిలోకి తెరుచుకున్నప్పుడు మాత్రమే పొడవైన మారుమోతను వదిలితే, ఆ గది ఎంత పెద్దదో బొమ్మ చెప్పకముందే చెవి చెబుతుంది.

సంగీతానికి మంద్రంలో ఒక ఆధారశ్రుతి చాలు. దాని మీద వచ్చే చిన్న ధ్వనులను వేర్వేరు నిడివి గల రెండు లూపులుగా చేయండి. ఒకటి 17 సెకన్లు, మరొకటి 23 సెకన్లు ఉందనుకోండి. అవి రెండూ మళ్ళీ ఒకేసారి మొదలవడానికి 391 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలు పడుతుంది. అందువల్ల చిన్న లూపులే అయినా వినేవారికి తిరిగి అదే వస్తున్నట్టు అనిపించదు. మీ ఆటగాళ్ళ విసుగుకు అసలు కారణం ఈ పునరావృత్తే అయి ఉండే అవకాశం ఎక్కువ. మీరు కూర్చిన బాణీని పారేయనక్కర లేదు. మూడో గుహలో, ఒక్క చోట, ఒక్కసారి వినిపించండి. అంతకుముందు కనీసం అర నిమిషం పాటు ఆధారశ్రుతిని కూడా ఆపేయండి. పొరలను కలపడానికీ తీయడానికీ ఎఫ్‌మోడ్ అనే సాధనాన్ని చిన్న తయారీదారులు ఉచితంగా వాడుకోవచ్చు.

చివరగా, ఆటను ఫోను స్పీకరు మీద కూడా పరీక్షించండి. 55 హెర్ట్జ్ దగ్గర ఉండే మంద్రశ్రుతి అంత చిన్న స్పీకరులో దాదాపుగా వినిపించదు, మీరు ఎంతో శ్రద్ధతో కట్టిన గుహ అక్కడ ఖాళీగా మిగిలిపోతుంది. అదే స్వరాన్ని రెండు స్థాయిలు పైన, 220 హెర్ట్జ్ దగ్గర, సన్నగా మరోసారి కలిపి ఉంచండి.